కారు వెనక నా సైకిల్

"ఏ కారుకైనా పట్టేస్తది మేడమ్" అన్నాడు మా సూర్యాపేటలో కారు సామాన్లు అమ్మే దుకాణం ఆయన. ఆ మాటతోనే నాకు ఆ సైకిల్ ర్యాక్ మీద నమ్మకం పోయింది. మాది ఏ కారో అతను అడగలేదు. సైకిల్ ఎలాంటిదో అడగలేదు. గోడకు వేలాడుతున్న ఇనుప చట్రాన్ని దించి, దాని నల్ల బెల్టులు టపటపా లాగి చూపించి, ఇక మేము కొనడమే తరువాయి అన్నట్టు నవ్వాడు. రంగు పోదని ఒట్టేసే బట్టల కొట్టు వాళ్ళనీ, అబ్బాయికి ఏ అలవాటూ లేదని అడగకముందే చెప్పే పెళ్ళిళ్ళ పేరయ్యలనీ చూసి చూసి, అడగని భరోసా ఇచ్చే మనిషి దగ్గర కాస్త ఆగడం నాకు అలవాటైంది. పక్కన మా ఆయన ఆ చట్రాన్ని అటూ ఇటూ తిప్పి, వెల్డింగ్ చేసిన చోట గోరుతో గీకి, "అతుకు గట్టిగ లేదు" అన్నాడు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. స్తంభం ఎక్కేముందు తాడును గుంజి గుంజి చూసుకునే వాళ్ళ మధ్య బతికాడు. నాలాగే ఆయన కూడా అనుమానపడుతున్నందుకు ఆ రోజు నాకు ముచ్చటేసింది.

ఈ వయసులో ఈ ర్యాక్ గొడవ ఎందుకో చెప్పాలి. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ నిలబడీ నిలబడీ నా కుడి మోకాలు మొండికేసింది, ఒకనాడు బాత్‌రూంలో పడేసింది కూడా. డాక్టరమ్మ నడక తగ్గించి సైకిల్ తొక్కమంది. ఇంట్లోనే ఉన్నచోట తొక్కే సైకిల్ కొందామన్నాడు మా ఆయన. గోడను చూస్తూ తొక్కడానికి నాకు మనసొప్పలేదు. నడుమ కడ్డీ లేని లేడీస్ సైకిల్ ఒకటి, ముందు బుట్టతో సహా, తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాక చూస్తే మా వీధికి ఒక కొసన హైవే, ఇంకో కొసన కూరగాయల మార్కెట్. మధ్యలో కుక్కలు, ఆటోలు, రివర్సులో వచ్చే ట్రాలీలు. సైకిల్‌ను కారు లోపల పెట్టి కూడా చూశాం. చక్రం ఊడదీయాలి, సీట్లు మడవాలి, చైను మరకలు సీటుకు అంటుకుంటాయి, హ్యాండిల్ వచ్చి డ్రైవర్ మెడకు తగులుతుంది. అందుకే కారు బయట కట్టుకుని పోయే ర్యాక్ కావాలి. పోవలసిన చోటు నేను ముందే అనుకున్నాను. మిర్యాలగూడ అవతల సాగర్ ఎడమ కాలువ కట్ట. ఆ కట్ట మీద సైకిల్ తొక్కాలన్న కోరిక నా మోకాలి నొప్పి కంటే చాలా పాతది. అది ఎందుకు పాతదో మా ఆయనకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

తరువాత కోదాడలో బంధువుల పెళ్ళికి పోయినప్పుడు అక్కడ ఇంకో దుకాణం ఎక్కాం. సూర్యాపేట నుంచి కోదాడ చేరేసరికి మనుషుల మాట మారిపోతుంది, గౌరవం పెరుగుతుంది, దాంతోపాటు నా అనుమానమూ పెరుగుతుంది. "మీరు టెన్షన్ పడకండి మేడమ్ గారూ. కారు కప్పు మీద నిలబెట్టి బిగించేస్తే అద్దానికి గీత పడదు, నంబరు ప్లేటుకి అడ్డం రాదు. హైదరాబాద్ వాళ్ళంతా ఇదే తీసుకెళ్తున్నారండి" అన్నాడు ఆ దుకాణం ఆయన. హైదరాబాద్ వాళ్ళు కోదాడ దాకా వచ్చి ఎందుకు కొంటున్నారని అడిగాను. ఆయన మాకు టీ తెప్పించాడు. టీ తాగుతూ మా ఆయన, "అంత ఎత్తు ఎవరు ఎత్తాలె? నీకు మోకాలు, నాకు భుజం. ఒకనాడు మర్చిపోయి మన రేకుల షెడ్డు కిందికి కారు తోలినమనుకో, సైకిల్ ఖతం, రేకులు ఖతం" అన్నాడు. ఆ మాట నిజమే.

ఇంటికి వచ్చి ఫోన్‌లో వెతికాను. రబ్బరు కప్పులతో కారు అద్దానికి అతుక్కునే రకం కనిపించింది. మా ఎండలకు రోడ్డు మీద తారే మెత్తబడుతుంటే రబ్బరు ఏం నిలుస్తుంది? దాని కింద కొన్నవాళ్ళు రాసిన మెచ్చుకోళ్ళు చదివాను. "మా నాన్నగారికి కొన్నాను, చాలా సంతోషించారు" అన్న ఒకే వాక్యం వేరువేరు పేర్లతో ఉంది. అందరి నాన్నలూ ఒకే మాదిరిగా సంతోషించడం నాకు నచ్చలేదు. కారు కింద కొక్కెం బిగించి దానికి తగిలించే రకం ఉందంటే, కారుకు వెల్డింగ్ చేస్తే ఇన్సూరెన్స్ వాడు ఒప్పుకోడన్నాడు మా ఆయన. మళ్ళీ మొదటికే వచ్చి, డిక్కీకి బెల్టులతో కట్టే రకమే మేలనుకున్నాను. వెనక్కు చాపినట్టుండే దాని ఇనుప చేతుల మీద మామూలు సైకిల్ నడుమ కడ్డీ ఆనుతుంది. నా సైకిల్‌కు ఆ కడ్డీయే లేదు. సీటు కింద నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా బిగించుకునే కడ్డీ విడిగా అమ్ముతారని తెలుసుకుని సంతోషంగా ఆయనకు చూపించాను. "అది జారిపోతే?" అన్నాడు. జారకుండా అదనంగా తాడు కడదామన్నాను. "ఎన్కనుంచి లారీ వస్తె?" అన్నాడు. లారీ వెనక నుంచి వస్తే సైకిల్ ఉన్నా లేకపోయినా ఒకటే కదా అన్నాను. "తొందరేమున్నది, సూద్దాం" అని నవ్వి పేపరు తిప్పాడు.

అప్పుడు తట్టింది నాకు. ఈయన ఇంట్లోకి ఇన్వర్టర్‌ను ఒక్క ఫోన్ మాటతో కొన్న మనిషి. ఫ్రిజ్ ఇంటికి వచ్చేదాకా దాని రంగేమిటో ఆయనకు తెలియదు. కారు కొన్నప్పుడు కూడా బానెట్ ఎత్తి చూడలేదు. అలాంటి మనిషికి ఈ ఒక్క వస్తువు దగ్గర ఇన్ని లోపాలు ఎట్లా కనిపిస్తున్నాయి? నేను ఒక్కో లోపానికి ఒక్కో ఉపాయం వెతికి తెస్తుంటే, ఆయన చేతిలో ఇంకో లోపం సిద్ధంగా ఉంటోంది. కోపం లేదు, విసుగు లేదు, అంతా నవ్వుతూనే. ఆ రోజు నుంచి ర్యాక్‌లను అనుమానించడం మానేసి మొగుణ్ణి అనుమానించడం మొదలుపెట్టాను. "సూద్దాం" అన్న మాటను అంత మెత్తగా అనే మనిషిని నేను అంతకు ముందు ఒక్కరినే ఎరుగుదును. ఆయన మా నాయిన.

నాయిన మిర్యాలగూడ బయట, కాలువకు దగ్గరలో ఒక బియ్యం మిల్లులో గుమస్తా. మిల్లు షావుకారు ఇచ్చిన చిన్న ఇంట్లో, మిల్లు ప్రహరీ లోపలే ఉండేవాళ్ళం. తెల్లవారకముందే వడ్లు ఉడికే వాసన ఇంట్లోకి వచ్చేది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకు మాత్రం దానితోనే ఆకలి మొదలయ్యేది. ఊక కాలిన నుసి ఆరేసిన బట్టల మీద, ఎండబెట్టిన వడియాల మీద, మంచినీళ్ళ కుండ మూత మీద వాలేది. అమ్మ రోజంతా దులుపుతూ తుడుస్తూ ఉండేది, ఆ పనిలో మాటలు తగ్గిపోయాయి. ఎండ ఎక్కేసరికి కళ్ళంలో పరిచిన వడ్లను ఆడవాళ్ళు కాళ్ళతో తిరగేస్తూ వరసగా నడిచే చప్పుడు వినిపించేది. నాయిన పని లారీల దగ్గర. బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, జారిన గింజలను అరచేతిలో నలిపి, ఒకటి కొరికి "తడి ఉన్నది" అనేవాడు. రైతు ఎంత మొత్తుకున్నా ఆ మాట మారేది కాదు. ఇంటికి వస్తే మాత్రం ఎవరి మాటకూ అడ్డం చెప్పేవాడు కాదు. ఏది అడిగినా "సూద్దాం తియ్యి బిడ్డా" అనేవాడు.

ఇంట్లో అనుమానమంతా నాయనమ్మ వాటాకు వచ్చింది. పాలలో వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందో లేదో చూసేది. నూనె సీసాకు బొగ్గుతో గీత గీసేది. పరాయి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు, పెళ్ళిలో పెట్టిన లడ్డూను కొంగులో కట్టుకొచ్చి ఇంట్లో విప్పదీసి లోపలేముందో చూసేది. బెల్లం డబ్బా విషయంలో ఆమె పద్ధతి వేరు. కుండ అడుగు మసిని ఆముదంలో కలిపి మూత అంచుకు ఉండీ లేనట్టు రాసేది. బెల్లం తిన్నదెవరని ఎన్నడూ అడిగేది కాదు. "అడిగితె అబద్ధమాడతరు. చేతులు సూస్తె అయిపాయె" అనేది. మిల్లు ఆవరణలో పిల్లలందరం ఆమె ముందు నుంచి పోయేటప్పుడు చేతులు వెనక్కు పెట్టుకునేవాళ్ళం, బెల్లం తినకపోయినా సరే. ఆమెను చూసి చుట్టుపక్కల వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు మా ఇంట్లో పాల ప్యాకెట్టు తేదీని కళ్ళజోడు పెట్టుకుని రెండోసారి చదువుతున్నప్పుడు ఆమె నాకు బాగా అర్థమవుతుంది.

పది పాసైన తరువాత ఇంటర్ చదవాలంటే ఊళ్ళోకి పోవాలి. మిల్లు నుంచి నడిస్తే మొదటి క్లాసు అందదు. ఆ వేళకు బస్సు లేదు. ఉన్నది నాయిన నల్ల సైకిల్ ఒక్కటే. మిల్లులోనే కాపురం కాబట్టి పగలు ఆయనకు దాని పని లేదు. నడుమ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కే కైంచీ తొక్కుడు నాకు చిన్నప్పుడే వచ్చు. పెద్దదాన్నయ్యాక లంగా ఓణీతో కడ్డీ దాటి ఎక్కడానికి ప్రహరీ పక్కన ఒక రాయి చూసుకున్నాను. నాయిన వద్దనలేదు. తనే పానా తెచ్చి సీటు కిందికి దించాడు, "పో బిడ్డా, మంచిగ చదువుకో" అన్నాడు. కాలువ కట్ట మీద పొద్దున్నే, ఒక పక్క నిండుగా నీళ్ళు, ఇంకో పక్క నాట్లేసిన మళ్ళు, పుస్తకాలు వెనక క్యారియర్‌కు బిగించి పోతుంటే నాకంటే గొప్పవాళ్ళు లేరనిపించేది. ఎదురొచ్చిన వాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చూడనీ అనుకునేదాన్ని.

అది సాగలేదు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే వెనక చక్రం నేలకు అంటుకుపోయి ఉంది. ఇంట్లో పంపు లేదు. సైకిల్ నడిపించుకుంటూ ఊళ్ళోకి పోయి గాలి కొట్టించుకునే సరికి సగం క్లాసులు అయిపోయాయి. ఆ తరువాత నుంచి అది మామూలైంది. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ చక్రం దిగిపోయేది. "టైరు ముసలిదయింది బిడ్డా, ఇయ్యాల్టికి ఇంట్లనే చదువుకో, సూద్దాం" అనేవాడు నాయిన. సాయంత్రం పని దిగాక అలసిపోయి కూడా తనే సైకిల్ తీసుకుపోయి గాలి కొట్టించుకొచ్చి, "ఇగ మంచిగున్నది" అని చక్రం మీద చరిచి చూపించేవాడు. ఎంత మంచి నాయిన అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కాలేజీలో హాజరు పట్టీ పిలిచినప్పుడు నా పేరు దగ్గర మౌనం ఎక్కువైంది. లెక్చరర్ ఒకసారి పిలిచి, ఇట్లా అయితే పరీక్షకు కూర్చోనివ్వరని చెప్పాడు.

చివరికి ఊళ్ళో సైకిల్ రిపేరు అతని ముందు పట్టుబట్టి కూర్చున్నాను. అతను ట్యూబు బయటికి లాగి, గాలి నింపి, తొట్టిలో నీళ్ళలో ముంచి చుట్టూ తిప్పాడు. ఎక్కడా బుడగ రాలేదు. "పంచర్ లేదమ్మా. గాలి ఆపే వాల్‌ట్యూబ్ గూడ కొత్తదే" అన్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు నాయనమ్మ వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"బుడగలు రాలేదా?" అంది.

"రాలేదు."

చేట పక్కకు పెట్టింది. "అయితె నీ సైకిల్‌కు దయ్యం పట్టలేదు పోరీ. మనిషి పట్టిండు. ఎవ్వలకు జెప్పకు" అంది. నా అనుమానం లారీ క్లీనర్ల మీదికి, బస్తాలు మోసే వాళ్ళ మీదికి పోయింది. ఆమె అనుమానం ఎటు పోయిందో నాకు చెప్పలేదు. ఆ సాయంత్రం నేను సైకిల్‌ను గోడకు ఆనించాక, నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి గిన్నె ఒకటి పట్టుకుని పోయి చక్రం దగ్గర వంగింది. గాలి నింపే చోట ఉండే చిన్న మూతకు బెల్లం డబ్బాకు రాసినట్టే రాసి వచ్చింది.

తెల్లవారి చక్రం దిగిపోయి ఉంది. నాయనమ్మ చక్రం వైపు చూడనే లేదు. నాయిన మిల్లుకు పోయేముందు అన్నానికి కూర్చునే చోట, ఆయన పీటకు ఎదురుగా పోయి కూర్చుంది. నేను పుస్తకాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. నాయిన చెయ్యి కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టి పచ్చిపులుసు పోసింది. ఆయన కలపడానికి చెయ్యి పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లగా ఉన్నాయి.

"సబ్బు పెట్టి కడుక్కో కొడకా" అంది నాయనమ్మ. "గది ఉత్త నీళ్ళకు పోదు."

నాయిన తన వేళ్ళ వంక చూసుకున్నాడు. తల్లి వంక చూశాడు. తరువాత నా వంక చూశాడు. అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. ఆయన లేచి, చెయ్యి కడుక్కుని, తినకుండానే మిల్లుకు పోయాడు. ఆ రోజు కానీ, ఆ తరువాత ఎన్నడు కానీ మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి చక్రంలో గాలి తగ్గలేదు. కానీ అప్పటికే హాజరు చాలదని కాలేజీలో తేల్చేశారు. నాకు ఆ ఏడాది పోయింది. మరుసటి ఏడు కోదాడలో మేనత్త ఇంట్లో ఉండి, నడిచి పోగలిగిన కాలేజీలో చదువుకున్నాను. టీచరునయ్యాను, నాలుగు పుస్తకాలు రాశాను, బతుకు ఆగిపోలేదు. అయినా నాయిన అట్లా ఎందుకు చేశాడన్నది మాత్రం తేలలేదు. నీ బిడ్డ లారీల మధ్య సైకిల్ తొక్కుతున్నదేమని షావుకారు ఏమన్నా అన్నాడా? డ్రైవర్ల మాటలు చెవిన పడ్డాయా? కాలువలో పడతానని భయమా? నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, ఆ మాట మా మధ్య ఉండగానే పోయాడు. ఆపినందుకు నాకు అంత కోపం లేదు. ఆ రోజుల్లో అందరి నాన్నలూ ఏదో ఒకటి ఆపారు. వద్దని మొహం మీద చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని, అన్నం మానేసేదాన్ని, నాయనమ్మను ఎగదోసేదాన్ని. పొద్దున గాలి తీసి, సాయంత్రం తనే కొట్టించుకొచ్చి, నాచేత మంచి నాయిన అనిపించుకున్నాడే, అది నేను ఈ రోజుకీ క్షమించలేదు. నాకు కొట్లాడే చోటు కూడా మిగల్చలేదు.

అందుకే మా ఆయన "సూద్దాం" అని పేపరు తిప్పిన మరుసటి రోజు, కూరగాయలకని చెప్పి ఆటో ఎక్కి ఒక్కదాన్నే ఆ సూర్యాపేట దుకాణానికి పోయాను. అతుకు గట్టిగా లేకపోతే ఇంకోచోట వెల్డింగ్ చేయించుకుంటాను, తెచ్చేస్తే వంకలు ఆగుతాయి అనుకున్నాను. దుకాణం ఆయన నన్ను చూడగానే, "స్టాక్ లేదు మేడమ్" అన్నాడు. అడగకముందే. ర్యాక్ ఆయన తల వెనక గోడకు వేలాడుతోంది. దాన్ని చూపించాను. అది వేరేవాళ్ళు చెప్పి పెట్టుకున్నదన్నాడు. ఎవరని అడిగాను. ఫోన్ తీసి చూసుకున్నాడు, మెడ గోక్కున్నాడు, చివరికి విసిగిపోయి, "నన్నేం జెయ్యమంటరు మేడమ్? సారే ఫోన్ జేసిండు. మేడమొస్తె లేదని జెప్పుమన్నడు. మీ ఇంటి పంచాయితీల నేనెందుకు?" అన్నాడు. అక్కడున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. ముందుగా వచ్చింది కోపం కాదు, సిగ్గు. నా ఇంటి సంగతి ముక్కూమొహం తెలియని మనిషికి తెలిసింది, నాకు తెలియలేదు. అతను నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. మూత సీలు ఉందో లేదో చూసుకునే తాగాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నాడు.

"స్టాక్ లేదట" అన్నాను.

"ఔనా? పోనీ తియ్యి, ఇంకోకాడ సూద్దాం" అన్నాడు తల ఎత్తకుండా.

"మీరే ఫోన్ జేసిండ్రట గదా."

ఆయన చెయ్యి ఆగింది. "ఎవడు జెప్పిండు?"

"అబద్ధం జెప్పుమన్నది మీరు. ఆయన జెప్పలేకపాయె."

ఆయన ఒలిచిన కాయలను, ఒలవని కాయలను కలిపేశాడు. తరువాత అన్నాడు, "నువ్వు బాత్‌రూంల పడ్డ నాడు ఏమైందో నీకెరుకలేదు. నీకు తెలివి తప్పింది. నాకెరుక. నిన్ను లేపుదామంటె లేస్తలెవ్వు. పక్కింటోళ్ళను పిలుద్దామంటె నాకు గొంతు రాలె. గా కాలువ కట్ట మీద నువ్వొక్కదానివి పోయి పడితె, కారు కాడ కూసోని నేనేం జెయ్యాలె? నీ ఎన్క ఉరికొద్దామంటె నాకు సైకిల్ గూడ రాదు."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు సైకిల్ రాదన్న సంగతి నాకు తెలియదు. మా తరంలో సైకిల్ రాని మగవాడు ఉంటాడని కూడా అనుకోలేదు. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నా మీద అంత భయం పెట్టుకున్నందుకు జాలేసింది. అయినా కోపం తగ్గలేదు.

"భయమైతె వద్దని జెప్పాలె" అన్నాను.

"వద్దంటె ఇంటవా నువ్వు?"

"ఇనను. కొట్లాడుత. కొట్లాడనియ్యిండ్రి."

అప్పుడు చెప్పాను ఆయనకు, మొట్టమొదటిసారి, మిల్లు సంగతి, చక్రం సంగతి, నాయిన వేళ్ళ సంగతి. ఆయన చిక్కుడుకాయలు ముట్టకుండా విన్నాడు. అంతా అయ్యాక, "మీ నాయినను ఎన్నడు అడగలేదా, ఎందుకు జేసినవని?" అన్నాడు. అడగలేదన్నాను. "నన్నడిగినవ్ గదా" అన్నాడు. ఔను, అడిగాను. ఆ రోజుల్లో నాయిన ముందు తలుపు దాటి లోపలికి రాలేని పిల్లను నేను. ఇప్పుడు ఎదురుగా కూర్చుని అడగగలిగాను, ఆయనా చెప్పగలిగాడు. అప్పటికీ ఇప్పటికీ మారింది అదొక్కటే. ఆడదాన్ని ఆపాలనుకుంటే నవ్వుతూ ఆపే పద్ధతి మాత్రం, నేను చూసినంతలో, ఏమీ మారలేదు.

ర్యాక్ మిర్యాలగూడలో కొన్నాం. సూర్యాపేట దుకాణానికి మళ్ళీ పోవడానికి నేను ఒప్పుకోలేదు. వెనక సీటు మడిచి, చక్రం ఊడదీసి సైకిల్‌ను కారులో కుక్కుకుని, హ్యాండిల్ మెడకు తగులుతుంటే ఒక పక్కకు వంగి మా ఆయన కారు నడిపాడు. అక్కడి దుకాణంలో ఆయన నోరు విప్పలేదు. నేనే ఏరుకున్నాను. బెల్టు కొసలు గుంజి చూశాను, బిగించే బకిల్స్ జారుతున్నాయేమోనని కొసలు పట్టుకుని వేలాడినంత పని చేశాను. కొక్కేలకు రబ్బరు తొడుగు లేని ర్యాక్‌ను పక్కన పెట్టించాను. ఊడదీసిన చక్రం మళ్ళీ వేయించి, అడ్డ కడ్డీని నా సైకిల్‌కే బిగించి చూపించమన్నాను. సైకిల్ తగిలించాక కారు వెనక నుంచి దూరంగా నడిచిపోయి నంబరు ప్లేటు కనిపిస్తుందో లేదో, ఎర్ర లైటు మూసుకుపోయిందో లేదో చూశాను. "మీరు పోలీస్ డిపార్ట్‌మెంటా మేడమ్?" అన్నాడు దుకాణం ఆయన. టీచర్నన్నాను. "అదే అనుకున్న" అన్నాడు. కప్పు మీదిది, అద్దానికి అతికేది కాదని బెల్టులదే ఎందుకు కొన్నానంటే, దాన్ని నా చేతులతో నేను కట్టుకోగలను, విప్పుకోగలను. ఎవరి భుజంతోనూ పని లేదు. ప్రతి ముడీ నా కళ్ళ ముందు ఉంటుంది.

కాలువ దగ్గర మేముండిన మిల్లు లేదు. ప్రహరీ ఒక పక్క మాత్రం మిగిలి, దాని లోపల లారీలు ఆగి ఉన్నాయి. అవతల ఎత్తైన ఇనుప గోదాములతో కొత్త మిల్లులు వచ్చాయి. వడ్లు ఉడికే వాసన మాత్రం అదే. కాలువకు నీళ్ళు వదిలినట్టున్నారు, ఒడ్డుల దాకా పారుతున్నాయి. కింది బెల్టులు ఆయన విప్పాడు, పై బెల్టులు నేను విప్పాను. ఆయన సైకిల్‌ను కట్ట మీదికి నడిపించుకొచ్చి, నాకు అందేలా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. నేను వంగి ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూశాను.

ఆయన ఆ వేలు చూశాడు.

"నేను ముట్టలే" అన్నాడు మెల్లగా.

"ఎరుకే" అన్నాను. నిజంగానే ఎరుక. అయినా వెనక చక్రం కూడా నొక్కి చూసుకున్న తరువాతే ఎక్కాను.